గ్రీన్ కాలనీ చూసి పేరు పెట్టేయకండి: చెరువు బ్యాక్టీరియాకి బయోకెమికల్ టెస్టులు చేసే పద్ధతి

భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు చాలా ఆక్వా ల్యాబుల్లో టీసీబీఎస్ (విబ్రియో జాతి బ్యాక్టీరియాని పెంచే మీడియా, అంటే వాటి ఆహారం) ప్లేట్ రిపోర్ట్ అంటే రెండే అంకెలు: ఎల్లో కాలనీలు ఇన్ని, గ్రీన్ ఇన్ని. రైతు కూడా లోపలికి వస్తూనే "గ్రీన్ ఎంతొచ్చిందండీ?" అని అడుగుతాడు. గ్రీన్ తక్కువుంటే టెన్షన్ తగ్గి ఇంటికెళ్తాడు, ఎక్కువుంటే అటునుంచి అటే మందుల షాపుకెళ్తాడు. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఈ అలవాటు ఇన్నాళ్లు నిలబడింది, కాదనను. కానీ ఆ రంగు చెప్పేది ఒక్కటే సంగతి, ఆ బ్యాక్టీరియా సుక్రోజ్ అనే చక్కెరను తిని యాసిడ్ చేసిందా లేదా అని. చేస్తే మీడియాలో ఉన్న బ్రోమోథైమాల్ బ్లూ పసుపుకి తిరుగుతుంది, చేయకపోతే కాలనీ గ్రీన్‌గా ఉండిపోతుంది. విబ్రియో పారాహీమోలిటికస్ గ్రీన్, వల్నిఫికస్ ఎక్కువగా గ్రీన్. ఆల్జినోలిటికస్ ఎల్లో, కలరా తెచ్చే విబ్రియో కలరే కూడా ఎల్లోనే. హేచరీల్లో రాత్రిపూట ట్యాంకు మెరిసేలా చేసి పిల్లని చంపే హార్వేయి రకాల్లో కొన్ని ఎల్లో, కొన్ని గ్రీన్. కొన్ని ఏరోమోనాస్ కూడా దీని మీద పసుపుగా పెరుగుతాయి. ఇవన్నీ ఒకే ఎల్లో లెక్కలో పడిపోతే ఇక ఆ లెక్కకి అర్థమేముంది?

బ్యాక్టీరియా పేరు కావాలంటే బయోకెమికల్స్, అంటే అది ఏం తింటుందో, ఏ ఎంజైమ్‌లు తయారుచేస్తుందో చూసే టెస్టులు, చేయాల్సిందే. బీఎస్సీ మైక్రోబయాలజీ చేసి కొత్తగా ఆక్వా ల్యాబులో చేరినవాళ్ల కోసం రాస్తున్నాను, కాలేజీ ప్రాక్టికల్ రికార్డులో ఇమ్విక్ (ఇండోల్, ఎంఆర్ అంటే మిథైల్ రెడ్, వీపీ అంటే వోగెస్-ప్రాస్కౌర్, సిట్రేట్ అనే నాలుగు టెస్టులు) రాసి సంతకం పెట్టించుకున్నారు కాబట్టి పేర్లన్నీ తెలుసు, కానీ చెరువు శాంపిల్ మీద అదే పద్ధతి మక్కీకి మక్కీ దించితే సగం టెస్టులు అబద్ధం చెబుతాయి. కారణం ఉప్పు. దాని సంగతి కాస్త తర్వాత.

ముందు శాంపిల్. చచ్చి ఐసులో పడి క్యారీ బ్యాగులో వచ్చిన రొయ్య నుంచి ఎన్ని టెస్టులు చేసినా లాభం లేదు, చచ్చిన కాసేపటికే పేగులోవి, చెరువు నీళ్లలోవి అన్నీ ఒళ్లంతా పాకేస్తాయి. గట్టుకొచ్చి నీరసంగా తిరుగుతున్నవాటిని బతికుండగా, అదే చెరువు నీళ్లలో, ఆక్సిజన్ పట్టిన కవర్లో తెమ్మని రైతుకి గట్టిగా చెప్పండి. పైభాగం స్పిరిట్‌తో తుడిచి, స్టెరైల్ కత్తెరతో తల చిప్ప తీసి, హెచ్‌పీ (హెపటోప్యాంక్రియాస్, రొయ్య జీర్ణ గ్రంథి) కొద్దిగా తీసుకుని 2 శాతం ఉప్పు నీళ్లలో నలిపి టీసీబీఎస్ మీద విడివిడి కాలనీలు వచ్చేలా స్ట్రీక్ చేయండి, అంటే లూప్‌తో (కొసన చిన్న రింగ్ ఉన్న తీగ) గీతలు గీయండి. టీసీబీఎస్‌ని ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, మరిగించి పోసేయడమే. ప్లేట్‌ని 18 నుంచి 24 గంటల్లో, ఇంక్యుబేటర్ నుంచి తీసిన వెంటనే చూడాలి. తర్వాత చూద్దాం లెమ్మని ఫ్రిజ్‌లో పెడితే ఎల్లో కాలనీలు గ్రీన్‌గా మారిపోయే అవకాశం ఉంది, అప్పుడు ఆ రెండంకెల రిపోర్ట్ కూడా తప్పే.

ఇక్కడ అందరూ తొందరపడి వదిలేసే మెట్టు ఒకటుంది. టీసీబీఎస్ మీది కాలనీతో నేరుగా టెస్టులు చేయకూడదు. ఒక్క విడి కాలనీ తీసి, 2 శాతం ఉప్పు కలిపిన టీఎస్‌ఏ (ట్రిప్టిక్ సోయ్ అగార్) లేదా న్యూట్రియెంట్ అగార్ లాంటి మామూలు మీడియా మీద మళ్లీ స్ట్రీక్ చేసి, మర్నాడు అందులో ఒకే రకం కాలనీలు ఉన్నాయో లేదో వెలుతురుకి పెట్టి చూసి, అప్పుడు మొదలుపెట్టండి. రెండు రకాలు కలిసిన కల్చర్ మీద వచ్చే రిజల్ట్ ప్రపంచంలో ఏ బ్యాక్టీరియాకీ సరిపోదు, మీరు పుస్తకాలు తిరగేస్తూ కూర్చుంటారు. ప్లేట్ అంతా పల్చటి పొరలా పాకిపోయిందంటే అది ఆల్జినోలిటికస్ కావచ్చని అక్కడే ఒక అనుమానం పెట్టుకోవచ్చు. టీసీబీఎస్ మీద బుద్ధిగా ఉండి, మామూలు అగార్ మీదకి రాగానే పాకడం దాని లక్షణం.

ఇప్పుడు ఉప్పు. మనం కొనే డబ్బా మీడియాలన్నీ ముందు ఆస్పత్రి పనికి తయారైనవి, మనిషి ఒంట్లో బతికే బ్యాక్టీరియాకి సరిపడా ఉప్పే వాటిలో ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. సముద్రపు నీళ్లకీ ఉప్పుటేరుకీ అలవాటు పడ్డ విబ్రియో ఆ ట్యూబులో సరిగ్గా పెరగదు, పెరగనిది టెస్టులో నెగటివ్‌గా కనిపిస్తుంది, మీరేమో దానికి ఆ ఎంజైమ్ లేదని రాసేస్తారు. అందుకని డబ్బా వెనక ఫార్ములా చదివి, మొత్తం 2 శాతం అయ్యేలా ఉప్పు కలపండి. టీఎస్‌ఐ (మూడు చక్కెరలున్న అగార్)లోనూ సిమ్మన్స్ సిట్రేట్ (సిట్రేట్ టెస్ట్ మీడియా)లోనూ అర శాతం ముందే ఉంటుంది కాబట్టి లీటరుకి ఇంకో 15 గ్రాములు చాలు. ఎంఆర్-వీపీ బ్రాత్ (ద్రవ మీడియా)లో, అమైనో ఆమ్లాల టెస్టుకి వాడే మోలర్ డీకార్బాక్సిలేజ్ బేస్‌లో ఉప్పే ఉండదు, వాటికి లీటరుకి 20 గ్రాములు. ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ వాడండి, వంటింటి అయోడిన్ ఉప్పు వద్దు. ఆకివీడు, కైకలూరు వైపు మంచినీటి చేపల చెరువు శాంపిల్ అయితే ఈ గొడవ లేదు, మామూలు మీడియానే సరిపోతుంది.

గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి బ్యాక్టీరియాని గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ అని విడదీసేది) గురించి ఎక్కువ చెప్పను, అందరికీ వచ్చు. అనుమానం ఉంటే స్లైడ్ మీద 3 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క వేసి కాలనీ కలిపి లూప్ పైకెత్తండి, జిగురుగా తీగ సాగితే గ్రామ్ నెగటివ్. క్యాటలేజ్ ఎంజైమ్ టెస్ట్ అంతకంటే తేలిక, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో బుడగలు రావడమే. దానికి నిక్రోమ్ (నికెల్-క్రోమియం తీగ) లూప్ వాడకండి, ఆ లోహమే బుడగలు పుట్టించగలదు.

ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉందో లేదో చూసే టెస్ట్ దగ్గర మాత్రం ఆగాలి. చెరువు పనిలో అన్నిటికంటే ఎక్కువ దారి చూపించే టెస్ట్ ఇదే. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ఎడ్వర్డ్‌సియెల్లా లాంటి ఎంటెరోబ్యాక్టీరియా (పేగు బ్యాక్టీరియా కుటుంబం) వాళ్లంతా నెగటివ్, విబ్రియోలూ ఏరోమోనాసూ సూడోమోనాసూ పాజిటివ్. విబ్రియోల్లో మెచ్నికోవీ అనే ఒకటి మాత్రం నెగటివ్, అది అరుదు. కాలేజీలో లాగా ఇమ్విక్ ఒక్కటే చేసి కూర్చుంటే ఏమవుతుందో చూడండి: పారాహీమోలిటికస్‌కి ఇండోల్ పాజిటివ్, ఎంఆర్ ఎక్కువసార్లు పాజిటివ్, వీపీ నెగటివ్. ఈ.కోలైకీ అంతే! ఆక్సిడేజ్ చేయకపోతే రొయ్యలో ఈ.కోలై ఉందని రిపోర్ట్ ఇచ్చేసి, రైతుని చెరువు గట్టు మీద పేడ ఎక్కడ పడిందా అని వెతికిస్తారు.

చేసే విధానం ఇది. టెట్రామిథైల్ పారాఫినైలీన్ డయమైన్ డైహైడ్రోక్లోరైడ్ 1 శాతం ద్రావణం, 1956లో కొవాక్స్ చెప్పిన పద్ధతి, అప్పటికప్పుడు కొద్దిగా కలుపుకోండి. ఫిల్టర్ పేపర్ ముక్కని దానితో తడిపి, టూత్‌పిక్ కొసకి కాలనీ తీసుకుని పేపర్ మీద రుద్దండి. 10 సెకన్లలోపు ముదురు ఊదా రంగు వస్తే పాజిటివ్. నిమిషం తర్వాత వచ్చిన రంగుని పట్టించుకోకండి, గాలి తగిలి రియేజెంట్ దానంతట అదే రంగు మారుతుంది. ఇక్కడా నిక్రోమ్ లూప్ వద్దు, తప్పుడు పాజిటివ్ ఇస్తుంది. టీసీబీఎస్, మెకాంకీ లాంటి చక్కెరలున్న మీడియా మీది కాలనీ వద్దు, అక్కడ చక్కెర తిని చేసిన యాసిడ్ రిజల్ట్‌ని పాడుచేస్తుంది. కల్చర్ 24 గంటలు దాటి ముసలిదైపోతే కూడా నమ్మకం లేదు. రెడీమేడ్ డిస్కులు వాడేవాళ్లకి ఒక మాట, మన డెల్టాలో వర్షాకాలం గాలిలో ఉండే చెమ్మకి సీసా మూత రెండుసార్లు తీసేసరికే డిస్కులు నీలంగా మారడం మొదలవుతుంది. ముందే రంగున్న డిస్క్ మీద ఏం రుద్దినా పాజిటివే. రోజూ పని మొదలుపెట్టే ముందు తెలిసిన సూడోమోనాస్ ఎరూజినోసాని పాజిటివ్‌గా, ఈ.కోలైని నెగటివ్‌గా పక్కనే రుద్ది చూసుకోండి. ఈ కంట్రోల్ కల్చర్లు దగ్గర్లోని కాలేజీలో ఎవరినడిగినా ఇస్తారు, లేదా చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే కల్చర్ల బ్యాంకు నుంచి తెప్పించుకోవచ్చు.

ఆక్సిడేజ్ పాజిటివ్ వచ్చినవాటిలో సూడోమోనాస్‌ని పక్కకి తీయడానికి ఓఎఫ్ (ఆక్సిడేషన్-ఫర్మెంటేషన్) టెస్ట్. 1953లో హ్యూ, లీఫ్సన్ అనే ఇద్దరు చెప్పింది. గ్లూకోజ్ ఉన్న రెండు ట్యూబులు, రెండిట్లోనూ సూదితో పొడిచి, ఒకదాని మీద స్టెరైల్ లిక్విడ్ పారాఫిన్ పోయాలి. రెండూ పసుపైతే గాలి లేకున్నా చక్కెర తింటోందని అర్థం, అంటే విబ్రియో లేదా ఏరోమోనాస్. తెరిచిన ట్యూబ్ ఒక్కటే పసుపైతే సూడోమోనాస్ లాంటిది. దీనికి టైమ్ లేకపోతే టీఎస్‌ఐ స్లాంట్ (ట్యూబులో ఏటవాలుగా గడ్డకట్టించిన అగార్, దాని అడుగు భాగమే బట్) కూడా దాదాపు ఇదే సమాచారం ఇస్తుంది, కింద బట్ పసుపు కాకుండా మొత్తం ఎర్రగానే ఉండిపోతే సూడోమోనాస్ వైపు చూడండి.

టీఎస్‌ఐలో గ్లూకోజ్ 0.1 శాతమే, లాక్టోజ్, సుక్రోజ్ చెరో 1 శాతం. సూదితో బట్ లోపలికి పొడిచి, పైకి తీస్తూ స్లాంట్ మీద గీయాలి, మూత కొంచెం వదులుగా పెట్టాలి. పారాహీమోలిటికస్‌కి పైన ఎరుపు, కింద పసుపు, గ్యాస్ లేదు, నలుపు (హైడ్రోజన్ సల్ఫైడ్ గుర్తు) లేదు. ఆల్జినోలిటికస్‌కీ కలరేకీ పైనా కిందా పసుపే, గ్యాస్ లేదు. పంగా చేపల్లో వచ్చే ఎడ్వర్డ్‌సియెల్లా టార్డా అయితే ఆక్సిడేజ్ నెగటివ్, బట్‌లో నలుపు కనిపిస్తుంది. 18 గంటల లోపు చూస్తే గ్లూకోజ్ ఒక్కదాన్ని తిన్నది కూడా పైనా కిందా పసుపుగా కనిపిస్తుంది, మరీ ఆలస్యమైతే పసుపు స్లాంట్ మళ్లీ ఎరుపెక్కుతుంది. రైతులు చెక్ ట్రే చూసుకుని పొద్దున్నే శాంపిల్ తెస్తారు కాబట్టి మన పని సహజంగానే మధ్యాహ్నానికి జరుగుతుంది, మధ్యాహ్నం పెట్టిన స్లాంట్ మర్నాడు ల్యాబ్ తెరిచి ఒకటి రెండు పనులు చూసుకుని 11 గంటలకి చదివితే సరిగ్గా సరిపోతుంది.

ఇండోల్ గురించి పెద్దగా లేదు: ట్రిప్టోన్ బ్రాత్‌లో 24 నుంచి 48 గంటలు పెంచి కొవాక్స్ రియేజెంట్ కొన్ని చుక్కలు, పైన ఎర్ర రింగ్. వీపీ మాత్రం చాలామంది హడావిడిగా పాడుచేస్తారు. 48 గంటల కల్చర్ 1 మి.లీ. వేరే ట్యూబులోకి తీసి, ముందు 5 శాతం ఆల్ఫా నాఫ్తాల్ 0.6 మి.లీ., తర్వాత 40 శాతం కేఓహెచ్ 0.2 మి.లీ. ఈ వరస తిరగేయకండి. తర్వాత ట్యూబ్‌ని బాగా ఊపండి, గాలి కలిస్తేనే రంగు వస్తుంది, ఊపకుండా స్టాండులో పెట్టి పదినిమిషాలకే నెగటివ్ అని రాసేస్తే అది మీ తప్పే కానీ బ్యాక్టీరియా తప్పు కాదు. 15 నిమిషాలకి ఒకసారి, గంటకి ఒకసారి చూడండి. గులాబీ ఎరుపు వస్తే పాజిటివ్, గంట దాటాక వచ్చే రాగి రంగు లెక్కలోకి రాదు. ఆల్జినోలిటికస్ వీపీ పాజిటివ్, పారాహీమోలిటికస్ నెగటివ్, ఈ తేడా చాలా పనికొస్తుంది. 40 శాతం కేఓహెచ్ చర్మాన్ని కాల్చేస్తుంది, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి డీకార్బాక్సిలేజ్ ట్యూబులు, పని జరగడం కళ్లతో చూడొచ్చు. లైసిన్, ఆర్నిథిన్, ఆర్జినిన్ ఒక్కోటి కలిపిన మూడు ట్యూబులు, ఏ అమైనో ఆమ్లమూ లేని బేస్ ట్యూబ్ ఒకటి, మొత్తం నాలుగు. కల్చర్ వేసి, నాలుగింటి మీదా స్టెరైల్ పారాఫిన్ ఆయిల్ ఒక వేలెడు మందాన పోయండి. కొన్ని గంటలకి నాలుగూ పసుపుగా మారతాయి, ఎందుకంటే ముందు అందులో ఉన్న కాస్త గ్లూకోజ్ తిని యాసిడ్ చేస్తుంది. ఆ యాసిడ్‌లో, గాలి లేని చోటే ఈ ఎంజైమ్‌లు పనిచేస్తాయి. లైసిన్‌ని విరగ్గొట్టి కెడవరిన్ అనే క్షారం చేస్తుంది, పసుపు కాస్తా మళ్లీ ఊదాకి తిరుగుతుంది. కొత్తవాళ్లు పొద్దున పసుపు చూసి నెగటివ్ అని రాసి ట్యూబులు సింకులో వేసేస్తుంటారు, అదే ట్యూబ్ సాయంత్రానికి ఊదా అయ్యుండేది. పసుపుంటే ఇంకా ఉంచండి, నాలుగు రోజుల వరకూ టైమ్ ఉంది. బేస్ ట్యూబ్ మాత్రం చివరిదాకా పసుపుగానే ఉండాలి. అదీ ఊదా అయితే ఆయిల్ సరిగా పడలేదనో కల్చర్ శుభ్రంగా లేదనో అర్థం, మొత్తం సెట్ మళ్లీ పెట్టండి. పారాహీమోలిటికస్‌కి లైసిన్ పాజిటివ్, ఆర్నిథిన్ పాజిటివ్, ఆర్జినిన్ నెగటివ్. ఏరోమోనాస్ హైడ్రోఫిలాకి ఆర్జినిన్ పాజిటివ్, ఆర్నిథిన్ నెగటివ్. బొచ్చె, శీలావతి చెరువుల్లో ఒంటి మీద ఎర్రమచ్చలు, పుండ్లు వచ్చిన చేప నుంచి తీసిన ఆక్సిడేజ్ పాజిటివ్ కాలనీకి ఈ రెండు ట్యూబులు చాలావరకు తేల్చేస్తాయి.

ఇంకొకటి ఖర్చు లేని టెస్ట్, ఉప్పు తట్టుకోవడం. 1 శాతం ట్రిప్టోన్ నీళ్లలో ఉప్పు 0, 3, 6, 8, 10 శాతం చొప్పున ఐదు ట్యూబులు చేసుకుని, చాలా తక్కువ కల్చర్ వేసి మర్నాడు మసక చూడండి. ఎక్కువ కల్చర్ వేస్తే పెరగకుండానే మసకగా కనిపిస్తుంది, పైగా దానితోపాటు వచ్చిన ఉప్పుతో 0 ట్యూబులో కూడా కాస్త పెరిగి మోసం చేస్తుంది. పారాహీమోలిటికస్ 0లో పెరగదు, 8 దాకా పెరిగి 10లో ఆగిపోతుంది. ఆల్జినోలిటికస్ 10లో కూడా పెరుగుతుంది. వల్నిఫికస్ 8లో పెరగదు. 0లో పెరిగి 6లో ఆగిపోతే ఏరోమోనాస్ లేదా కలరే అనుకోండి. ఆ రెండిటినీ విడదీయడానికి ఆర్జినిన్ ట్యూబ్ ఉంది, 0.5 శాతం సోడియం డీఆక్సీకోలేట్‌లో తీగ సాగే స్ట్రింగ్ టెస్ట్ ఉంది, కలరే అయితే తీగ సాగుతుంది. ఓ/129 అనే, విబ్రియోని ఆపే రసాయనం డిస్క్ 150 మైక్రోగ్రాములది పెడితే విబ్రియోల చుట్టూ ఖాళీ వలయం వస్తుంది, ఏరోమోనాస్‌కి రాదు, అయితే ఇప్పుడు కలరేలో చాలావాటికి ఈ డిస్క్ పనిచేయడం లేదు కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకోకండి. కలరే అని అనుమానం వస్తే మాత్రం ఊళ్లో పుకారు పుట్టించకండి. చెరువు నీళ్లలో దొరికే కలరేల్లో జబ్బు అంటించే ఓ1, ఓ139 రకాలు కానివే ఎక్కువ, అది సీరం టెస్ట్ చేసి తేల్చాల్సిన పని, ఆ సౌకర్యమున్న ల్యాబుకి పంపాలి.

వేసవిలో ఇంకో తలనొప్పి. మామూలు ఇంక్యుబేటర్ వేడెక్కించగలదు కానీ చల్లబరచలేదు, మే నెలలో గది 38 దాటితే మీరు 30కి సెట్ చేసినా లోపల గదికంటే వేడిగానే ఉంటుంది. ఏసీ గదిలో పెట్టుకోండి, లోపల విడిగా థర్మామీటర్ ఉంచి దాన్నే నమ్మండి, డిస్‌ప్లేని కాదు.

రిపోర్ట్ రాసేటప్పుడు టెస్టులు చెప్పినంతే రాయండి. హార్వేయి, క్యాంప్‌బెల్లీ లాంటి దగ్గరి చుట్టాలని ఈ ట్యూబులు విడదీయలేవు, అప్పుడు "హార్వేయి గుంపు" అని రాస్తే చాలు. పారాహీమోలిటికస్ అని తేలినా అది ఈఎంఎస్ (రొయ్య పిల్లలు తొందరగా చనిపోయే జబ్బు) తెచ్చే రకమో కాదో బయోకెమికల్స్ చెప్పవు, ఆ విషం తయారుచేసే పిర్ జన్యువులు ఒక ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ రింగ్) మీద ఉంటాయి, వాటికి పీసీఆర్ (జన్యువుని వెతికే టెస్ట్) చేయాలి. వైట్ స్పాట్ వైరస్, ఈహెచ్‌పీ (రొయ్య హెచ్‌పీలో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) అసలు బ్యాక్టీరియానే కావు, వాటికి ఈ ట్యూబులతో సంబంధమే లేదు. సాయంత్రానికల్లా పేరు చెప్పమని రైతు ఒత్తిడి చేస్తే కౌంట్ ఇవ్వండి, పేరుకి నాలుగైదు రోజులు పడుతుందని చెప్పండి. వినని రైతు ఉంటాడు, వేరే ల్యాబుకి వెళ్తానంటాడు, వెళ్లనివ్వండి.

పని అయ్యాక కల్చర్‌ని ఫ్రిజ్‌లో దాచకండి, విబ్రియోలకి చలి పడదు, కొన్నాళ్లకి చూస్తే మళ్లీ పెరగవు. 2 శాతం ఉప్పున్న మెత్తని అగార్‌లో సూదితో పొడిచి, మూత బిగించి గది వేడిలోనే చీకట్లో ఉంచండి. వాడేసిన ప్లేట్లు, ట్యూబులు 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ప్రెషర్‌లో 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే బయటికి వెళ్లాలి. ల్యాబ్ వెనక కాలువ ఉంది కదా అని అందులో పారబోసేవాళ్లున్నారు, ఆ నీళ్లే దిగువన ఎవరో చెరువులోకి తోడుకుంటారు.